తన కథను తానే చెప్పిన తల్లి

సోదరీమణులారా! దమయంతి కష్టములను నన్నయ చెప్పెను. గాంధారి శోకమును తిక్కన చెప్పెను. చిన్ననాట మా తండ్రిగారియొద్ద ఆ పద్యములు చదువుకొనుచు మేము కంట తడిపెట్టితిమి. కాని దుఃఖ మనుభవించిన స్త్రీయే కలము పట్టినచో నా కథ యెట్లుండును? ఈ ప్రశ్నకు సమాధానము మాకు శ్రీమతి కొండపల్లి కోటేశ్వరమ్మగారి రచనలలో దొరికినది.

వీరు 1918లో కృష్ణాజిల్లా పామఱ్ఱున జన్మించిరి. ఊహ తెలియని ప్రాయమున వివాహము, బాల్యముననే వైధవ్యము. పెద్దయైన పిమ్మట సీతారామయ్యగారిని పునర్వివాహమాడి, కమ్యూనిస్టు ఉద్యమమున బ్రవేశించి, ప్రజానాట్యమండలితో గూడి పాటలు పాడిరి. 1948 నాటి నిర్బంధకాలమున అజ్ఞాతవాస మనుభవించిరి. తరువాత భర్త విడనాడెను. అప్పుడు, ఇద్దఱు బిడ్డల తల్లి యయ్యు, ముప్పదియైదేండ్ల ప్రాయమున హైదరాబాదులోని ఆంధ్ర మహిళాసభలో చేరి మెట్రిక్కు చదివిరి. పిదప కాకినాడలో బాలికల హాస్టలునకు మేట్రనై తన కూడు తాను సంపాదించుకొనిరి.

మన యిండ్లలో ముప్పది దాటగనే “ఇంక మనకు చదువెందులకు?” అను మాట పుట్టును. ఉపాధ్యాయుని యింట నుండియు మేమును ఆ మాట అనినవారమే. వీరి చరిత్రము చదివిన పిమ్మట మఱల అనలేదు.

వీరి కవితలు ‘అశ్రు సమీక్షణం’ గాను, కథలు ‘సంఘమిత్ర కథలు’ గాను వెలువడినవి. కన్నబిడ్డ లిద్దఱిని పోగొట్టుకొనియు, మనుమరాండ్రను పెంచి పెద్దచేసిరి. తొంబదియేండ్లు దాటిన పిమ్మట, 2012లో, ‘నిర్జన వారధి’ యను స్వీయచరిత్రమును ప్రకటించిరి. అది 2015లో ఆంగ్లమునను వచ్చినది. వారధిమీదుగా అందఱును దాటిపోయిరి. వారధి మాత్రము ఒంటరిగా నిలిచినది. ఆ పేరు నట్లు మేము గ్రహించితిమి. ఒకరిని దూషించుటకు గాని, జాలి కోరి గాని వ్రాసినట్లు మాకు తోచలేదు. జరిగినది జరిగినట్లు, ఇరుగుపొరుగు తల్లి అరుగుమీద గూర్చుండి చెప్పినట్లే యున్నది.

నూఱేండ్లు నిండిన నెలన్నరకు, 2018 సెప్టెంబరులో, విశాఖపట్టణమున వీరు కన్నుమూసిరి.

సోదరీమణులారా! మన యింటి పెద్దలలో ఎందఱి కథలు వారితోనే పోయినవో! మీ అమ్మమ్మయో, మేనత్తయో యున్నచో నేడే చెంత గూర్చుండి అడుగుడు. వ్రాయ నేర్చినవారైనచో నొక నోటుపుస్తకము చేతి కిండు. వయసు మీఱినదని సంకోచింపనక్కఱలేదు. తొంబదియేండ్లు దాటిన తల్లి మనకు దారి చూపినది గదా!