వానను పట్టే తరంగం గడ్డను పట్టగలదా?

బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందంటే దివిసీమ చెవులన్నీ బందరు వైపే. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూసిన సీమ మరి. ఇప్పుడు బందరులో వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ ఉంది. సుమారు 10 సెంటీమీటర్ల మైక్రోవేవ్ తరంగాలను సముద్రం మీదికి పంపి, చినుకులను తాకి తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి వాన ఎక్కడుందో, ఎటు కదులుతోందో చెబుతుంది. చినుకును పట్టిచ్చేది నీరే. నీటి అణువులు మైక్రోవేవ్‌కు గట్టిగా స్పందిస్తాయి. రొమ్ములో గడ్డను ఇదే జాతి తరంగాలతో వెతికే యంత్రం పుట్టుకకూ ఆ నీరే కారణం.

కొవ్వులో నీరు తక్కువ, కేన్సర్ గడ్డలో ఎక్కువ. చౌదరి, మిశ్రా తదితర భారతీయ పరిశోధకులు రొమ్ము కణజాలాన్ని రేడియో, మైక్రోవేవ్ తరంగాలతో కొలిచి, ఆ తరంగాలకు స్పందించే తీరులో మామూలు కణజాలానికీ కేన్సర్‌కూ పెద్ద తేడా ఉందని 1984లో ప్రచురించారు. అలాంటి కొలతల మీదే ఆశలు పెరిగాయి. 1998లో అమెరికాలో సుసాన్ హాగ్నెస్ బృందం చిన్న గడ్డ కూడా రాడార్‌కు దొరుకుతుందని కంప్యూటర్‌లో లెక్కకట్టి చూపింది.

2000లో అమెరికాలోనే డార్ట్‌మత్ కళాశాలలో పాల్ మీనీ, కీత్ పాల్సెన్‌ల బృందం ఆడవాళ్లను పరీక్షించే తొలి నమూనా యంత్రాన్ని ప్రకటించింది. మంచం మీద బోర్లా పడుకుంటే, రొమ్ము కింద తొట్టిలోని ద్రవంలోకి దిగుతుంది. చుట్టూ 16 యాంటెన్నాలు. ఒకటి తరంగం పంపుతుంటే మిగతావి వింటాయి; తర్వాత పక్కదాని వంతు. ద్రవం లేకపోతే తరంగంలో పెద్ద భాగం చర్మం దగ్గరే వెనుదిరుగుతుంది, లోపలి గడ్డ చేసే చిన్న సవ్వడి అందులో కలిసిపోతుంది. రొమ్మును ఎక్స్‌రే తీసే మామోగ్రామ్‌లోలాగా ఇందులో నొక్కే పలకలు లేవు, ఎక్స్‌రే లేదు.

బ్రిటన్‌లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయం మరో దారి పట్టింది. ఒకప్పుడు నౌకాదళ రాడార్ల మీద పనిచేసిన రాల్ఫ్ బెంజమిన్, భూమిలో పాతిన మందుపాతరలను వెతకడానికి ఆలోచించిన పద్ధతిని ఇయాన్ క్రాడక్‌తో కలిసి రొమ్ముకు మళ్లించారు. యాంటెన్నాలన్నీ విన్నదాన్ని ఒక్కో బిందువుకు తగ్గట్టు ఆలస్యాలు సరిచేసి కూడతారు. అక్కడ గడ్డ ఉంటే ప్రతిధ్వనులు ఒకదానికొకటి బలం చేకూర్చుకుంటాయి. లేకుంటే చాలావరకు చెరిగిపోతాయి.

ఈ ఆశలకు గట్టి దెబ్బ 2007లో తగిలింది. హాగ్నెస్ బృందమే కెనడాలోని కాల్గరీ పరిశోధకులతో కలిసి ఆపరేషన్లలో తీసిన కణజాలాన్ని పెద్ద ఎత్తున కొలిచింది. కొవ్వుతో పోలిస్తే గడ్డ పదింతల వరకు తేడా చూపింది. పాలగ్రంథుల కణజాలంతో పోలిస్తే మాత్రం తేడా సుమారు 10 శాతమే. గ్రంథుల్లోనూ నీరుంటుంది కదా! మామోగ్రామ్ తడబడేదీ ఇక్కడే. గ్రంథులు దట్టంగా ఉన్న రొమ్ములో, ముఖ్యంగా చిన్న వయసు వాళ్లలో, ఎక్స్‌రేకు అవీ తెల్లగానే కనిపిస్తాయి, గడ్డా తెల్లగానే కనిపిస్తుంది. ఆ లోటు తీర్చాలని వచ్చిన యంత్రానికీ అదే మలుపులో అడ్డు తగిలింది.

పరిశోధన అక్కడితో ఆగలేదు. ఇటలీలోని పెరూజియాలో తయారైన మామోవేవ్ అనే యంత్రానికి ద్రవం అక్కర్లేదు. రెండు యాంటెన్నాలు గాలిలోనే రొమ్ము చుట్టూ తిరిగి కొలుస్తాయి. దాన్ని యూరప్‌లో 10,000 మంది ఆడవాళ్ల మీద పరీక్షించే పథకం మొదలైంది.

మామోగ్రామ్ స్థానాన్ని తీసుకునే దశకు మైక్రోవేవ్ ఇంకా రాలేదు. అంచేత గుడివాడలోనైనా అవనిగడ్డలోనైనా రొమ్ములో గడ్డ చేతికి తగిలితే, కొత్త యంత్రం కోసం ఎదురుచూడకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మామోగ్రామ్, అల్ట్రాసౌండ్ అనుమానం చెబుతాయి. అది కేన్సరో కాదో తేల్చేది గడ్డ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించే బయాప్సీయే.