రసాయన పరీక్షలో పాత్రశుద్ధి

కళాయి లేని ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు నిలువ యుంచరాదని మన గృహిణులకు వేరుగా చెప్పనక్కరలేదు. పులుపు లోహమును కరగించును. చిలుము పులుసులో చేరును. ఊరగాయకు జాడీని వాడుటయు ఇందులకే. రసాయన పరీక్షాశాలలోని చిక్కు కూడ ఈ జాతిదే. అయితే అచ్చట పాత్రనుండి చేరిన మాలిన్యము నాలుకకు తెలియదు, కంటికి కనబడదు. లెక్కలో మాత్రము చేరిపోవును.

మన హగరిలో 1906వ సంవత్సరమునుండి వ్యవసాయ పరిశోధన జరుగుచున్నది. కావున మట్టిని పరీక్ష చేయించుట మన రైతులకు క్రొత్త మాట కాదు. మన నల్లరేగడిలో జింకు ఉన్నను పైరుకు అందునది స్వల్పము. కిలో మట్టిలో అట్టి జింకు 0.6 మిల్లీగ్రాముకంటె తక్కువైనచో లోపమున్నట్లు సాధారణముగా ఎంచుదురు. పరీక్షకు తీసికొనునది 10 గ్రాముల మట్టి. అనగా వెదకునది గ్రాములో పదిలక్షవ వంతులు ఆరు మాత్రమే! రబ్బరు బిరడాలో జింకు గలదు. జింకు పూత పూసిన బకెట్టు సంగతి చెప్పనేల? అందుండి రవ్వంత చేరినను, లోపమున్న నేలకు "చాలును" అని ఫలితము వచ్చును. రైతు జింకు సల్ఫేటు వేయడు. వరి ఆకులపై తుప్పురంగు మచ్చలు పడిన పిదప గాని సంగతి బయటపడదు.

గాజు శుద్ధమైనదే కదా యని కొందరు తలంతురు. వేడికి పగులకుండ చేసిన ప్రయోగశాలల గాజులో నూటికి 12, 13 వంతులు బోరాన్ ఆక్సైడే. బోరానును కొలుచుటకు మట్టిని అందులో మరగించినచో గాజులోని బోరాన్ కొంత కలియవచ్చును. ఇక మట్టిలోని ఇసుకను కరగించు హైడ్రోఫ్లోరిక్ ఆమ్లము గాజునే తినివేయును. అందులకు పూర్వము ప్లాటినపు మూసలు వాడెడివారు. వాని వెల ఊహింపవచ్చును.

ఈ చిక్కును చాలవరకు తీర్చినది టెఫ్లాన్. 1938లో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థలో రాయ్ ప్లంకెట్ శీతలయంత్రములకు వలయు వాయువులను శోధించుచుండెను. ఒకనాడు సిలిండరు మర త్రిప్పినను వాయువు వెలువడలేదు. బరువు మాత్రము తగ్గలేదు. కోసి చూడగా లోపల తెల్లని పొడి కనబడెను. దాని అణువులో కార్బన్ గొలుసును ఫ్లోరిన్, మొక్కజొన్న కంకిని పొత్తులు కప్పినట్లు, చుట్టును కప్పియుండును. ఆ బంధము మిక్కిలి గట్టిది. అందువలన కాగిన ఆమ్లములు సైతము దానిని అంటలేవు. మన యిండ్లలోని అంటుకొనని పెనముల పూతయు ఇదియే.

అయినను ఇది సర్వగుణసంపన్నము కాదు. 260 డిగ్రీలు మించిన వేడికి పనికిరాదు; మంటపై నేరుగా పెట్టరాదు. క్రొత్త పాత్రనైనను ఆమ్లముతో కడిగియే వాడవలెను. మట్టి వేయని పరీక్షనొకదానిని ప్రక్కన జరిపి, పాత్రనుండియు ఆమ్లమునుండియు వచ్చినదెంతయో తీసివేయవలెను. వేడి చేయనక్కరలేని పనులకు పాలిథీన్ సీసాలే చాలును. టెఫ్లానుకు వ్యయము చేయనేల?

పరీక్షాశాలలో ఎట్టి పాత్ర యున్నను, మట్టి మన చేతినుండియే పోవలెను. జింకు పరీక్షకు మట్టిని తీయునపుడు కొయ్యతోగాని స్టెయిన్‌లెస్ స్టీలుతోగాని చేసిన పనిముట్టును వాడి, క్రొత్త ప్లాస్టిక్ సంచిలో కట్టవలెను. ఎరువులు తెచ్చిన పాత గోతాములో ఎన్నడును పోయరాదు.