కొత్త కారు — అరిగిన బ్రేకు!

కొత్త కారు ఇంటికి రాగానే పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు నలిపించి, పిల్లాజెల్లాతో యాదగిరిగుట్టకు వెళ్ళివస్తేగాని గృహస్థుకు తృప్తి వుండదు. ఐతే ఏడాది తిరక్కుండానే సర్వీసు షెడ్డువారు "ముందు ప్యాడ్లు అయిపోయినాయండీ, మార్చాలి" అన్నారంటే ఆ సంబరం కాస్తా నీరుగారిపోతుంది. తోలడంలోనే లోపమని వారు, బండిలోనే లోపమని వీరు! ఇంతకూ తప్పెవరిది?

బ్రేకు వేగాన్ని మింగివేయదు, వేడిగా మారుస్తుంది. చక్రంతో తిరిగే ఇనుప డిస్కును రెండు ప్యాడ్లు చెరో ప్రక్కనుంచి నొక్కి పట్టుకుంటాయి. ఆ రాపిడిలో అవి అరగవలసిందే. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండిని ఆపడానికి, 30 కిలోమీటర్ల వేగానికి కావలసినదానికి రెండింతలు కాదు, నాలుగింతల పని చేయాలి. బ్రేకు వేయగానే బరువు ముందుకు తూలుతుంది గనుక ముందు చక్రాల బ్రేకులకే శ్రమ ఎక్కువ.

ఈ డిస్కు బ్రేకు నిన్న మొన్నటిది కాదు. ఇంగ్లండులో లాంచెస్టర్ 1902లోనే దీనికి పేటెంటు పొందాడు. 1953లో ఫ్రాన్సులోని లెమాన్ పందెంలో జాగ్వార్ కార్లు ఈ బ్రేకులతోనే గెలిచాక దీనికి పేరు వచ్చింది.

ఇక మన్సూరాబాద్ సంగతి చూడండి. ప్రొద్దున్నే ఆఫీసుకు బయలుదేరితే ఎల్.బి.నగర్ కూడలిలో విజయవాడ రోడ్డూ, సాగర్ రోడ్డూ ఎదురవుతాయి. అది దాటితే కొత్తపేట, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్. 2018 నుంచి నెత్తిమీద మెట్రో రైలు హాయిగా పోతూనే వున్నది. కింద కారు మాత్రం పది గజాలు కదలడం, ఆగడం! సూర్యాపేట దాకా హైవేమీద పోయిన బండికంటె, రోజూ మలక్‌పేట దాకా పోయి వచ్చే బండి ఎన్నో రెట్లు బ్రేకు తొక్కుతుంది. కావున కిలోమీటర్ల లెక్క ఒక్కటే చూసి తీర్పు చెప్పరాదు.

తీర్పు చెప్పగలిగినవి ప్యాడ్లే. కుడి ఎడమలు సమంగా అరిగితే దారినీ, తోలే పద్ధతినీ అనుమానించవచ్చు. ఒక్క ప్రక్కనే అరిగినా, ఒకే చక్రంలో లోపలి ప్యాడు కరిగిపోయి బయటిది నిక్షేపంగా వున్నా, కాలిపర్ అనే పట్టుకారు జారే పిన్నులు బిగిసిపోయి వుండవచ్చు. ముందువాటికంటె వెనకవి త్వరగా అరిగితే చేతిబ్రేకు పూర్తిగా వదులుతున్నదో లేదో చూపించండి. కాసేపు నడిపిన తర్వాత ఒక్క చక్రం దగ్గరే సెగ, మాడు వాసన వస్తే అది తోలేవాడి తప్పు కాదు. డిస్కును మాత్రం చేత్తో ముట్టకండి, కాలుతుంది!

ప్యాడ్లు అరిగే వస్తువులు గనుక సాధారణంగా వాటికి వారంటీ వుండదు. కాని తయారీలోని లోపం వేరు. అందుచేత పాత ప్యాడ్లు నాలుగూ అడిగి ఇంటికి తెచ్చుకోండి. ఏది ఏ ప్రక్కదో గుర్తు పెట్టండి. ఎన్ని మిల్లీమీటర్లు మిగిలినదీ, ఎన్ని కిలోమీటర్లు తిరిగినదీ బిల్లుపై వ్రాయించండి. మాట తేలకపోతే వినియోగదారుల సహాయ నంబరు 1915 వున్నది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవాడు తాను నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. వివాదానికి కారణం పుట్టిన 2 సంవత్సరాలలోగా చేయాలి. లోపం పరీక్షతోగాని తేలదనుకుంటే వస్తువును ప్రయోగశాలకు పంపే అధికారం కమిషన్‌కు వున్నది. అక్కడ కోపంకంటె ఆ పాత ప్యాడ్లే గట్టి సాక్ష్యం.

ఈ వాదం తేలేదాకా మాత్రం అరిగిన ప్యాడ్లతో బండి నడపకండి. సుమారు 3 మిల్లీమీటర్లకు వస్తే మార్చడమే మంచిది. చాలా బండ్లలో ప్యాడు అరిగినప్పుడు చిన్న ఇనుపరేకు డిస్కుకు తగిలి కీచుమంటుంది. ఆ కీచు వినబడిన రోజునే షెడ్డుకు వెళ్ళండి. డబ్బెవరివ్వాలో తర్వాత తేల్చుకోవచ్చు.