నల్లద్దం నంబరు అడిగి మరీ తీసుకోండి
కొత్తగా హోల్డర్ పట్టిన తమ్ముళ్లకు ఒక స్టోర్ క్లర్కు చెప్పే మాట

పొద్దున్నే అయిదున్నరకు మా స్టోర్ కిటికీ దగ్గరికి వచ్చిన ఆ కుర్రాడి ముఖం నాకు ఇంకా గుర్తుంది. జగిత్యాల వైపు పిల్లవాడు. జుబైల్‌కు హెల్పర్‌గా వచ్చి, రెండేళ్లు రాడ్లు అందించి, కేబుళ్లు మోసి, ఫోర్‌మన్‌ను బతిమాలుకుని అప్పుడప్పుడే వెల్డింగ్ హోల్డర్ చేతపట్టాడు. ఆ రోజు కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. రెప్పలు వాచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

"అన్నా, రాత్రంతా నిద్ర లేదు. కండ్లల్ల ఇసుక పోసినట్టున్నది. లైటు దిక్కు సూడరాదు" అన్నాడు.

ముసుగు పెట్టుకోలేదా అని కోప్పడ్డాను. "పెట్టుకున్ననే. అద్దంల నుంచి ఏం కనవడ్తలేదన్నా. రాడ్డు యాడికి పోతుందో తెల్వది. అందుకే జరంత లేపి సూసిన" అన్నాడు. అప్పటికే మూడు రోజులుగా ఫోర్‌మన్ తిడుతున్నాడట. లైను వంకర పోతోంది, నీ చేతికి పని రాదు, మళ్లీ హెల్పర్‌గానే పో అని.

ముసుగు తీసుకుని చూశాను. లోపల నల్లద్దం మీద 13 అని ఉంది. వాడు కాలుస్తున్నది 2.5 మిల్లీమీటర్ల రాడ్డు, కరెంటు 80 ఆంప్స్. ఆ కాస్త వెలుగుకు 13 నంబరు అద్దం పెడితే చీకటి తప్ప ఏం కనిపిస్తుంది?

ఆ అద్దం ఇచ్చింది ఎవరో కాదు, నేనే. షెల్ఫులో పైన ఉన్న డబ్బాలోంచి ఒకటి తీసి ఇచ్చి సంతకం పెట్టించుకున్నాను. వాడు నంబరు అడగలేదు, నేను చెప్పలేదు. కళ్లు తగ్గాక 10 నంబరు అద్దం ఇచ్చాను. రాడ్డు అదే, మిషన్ అదే, చేయి అదే. వారం తిరిగేసరికి లైను తిన్నగా వచ్చింది. అప్పటినుంచి మా సీనియర్ వెల్డర్లను, సేఫ్టీ ఆఫీసర్‌ను అడిగి తెలుసుకున్న సంగతులే ఇక్కడ రాస్తున్నాను.

నంబరు సంగతి

చాలామంది అనుకునేది ఏమిటంటే నంబరు పెద్దదైతే కంటికి రక్షణ ఎక్కువ అని. అది సగమే నిజం. ప్రమాణాల ప్రకారం తయారైన వెల్డింగ్ అద్దం, పనికి తగిన నంబరుదైతే, కంటిని కాల్చే అతినీలలోహిత కిరణాలను దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. నంబరు ముఖ్యంగా చెప్పేది కంటికి ఎంత వెలుగు అందుతుందనే. మరీ తక్కువ నంబరైతే కళ్లు జిగేలుమంటాయి. మరీ ఎక్కువైతే ఏమీ కనిపించదు, మనిషి ముసుగు ఎత్తి చూస్తాడు. ఎత్తిన మరుక్షణం ఆ అద్దం ఉన్నా లేనట్టే.

అమెరికా ప్రమాణాల పట్టికలో మనకు కావలసినవి ఇవి. కత్తిరించి పర్సులో పెట్టుకోండి.

రాడ్డు వెల్డింగ్, 60 నుంచి 160 ఆంప్స్: 10 నంబరు. 8 కంటే తగ్గరాదు. కొత్తవాళ్లు కాల్చే 2.5, 3.15 మి.మీ. రాడ్లు ఎక్కువగా ఇందులోకే వస్తాయి.
రాడ్డు వెల్డింగ్, 160 నుంచి 250 ఆంప్స్: 12 నంబరు. 10 కంటే తగ్గరాదు.
మిగ్, 60 నుంచి 160 ఆంప్స్: 11 నంబరు. 10 కంటే తగ్గరాదు.
మిగ్, 160 నుంచి 250 ఆంప్స్: 12 నంబరు. 10 కంటే తగ్గరాదు.
టిగ్, 50 నుంచి 150 ఆంప్స్: 12 నంబరు. 8 కంటే తగ్గరాదు.
గ్యాస్ కటింగ్, ఇంచు మందం లోపు: 3 లేదా 4 నంబరు.

యూరప్ పట్టిక కొంచెం వేరు. అందులో రాడ్డు వెల్డింగ్‌కు 80 ఆంప్స్ దాటితే 11 అని ఉంటుంది. అందుకని కొత్తవాడు 10, 11 నంబర్ల అద్దాలు రెండూ దగ్గర ఉంచుకుంటే మంచిది. ముందు ముదురు అద్దంతో మొదలుపెట్టాలి. పని సరిగ్గా కనిపించకపోతే ఒక్కో నంబరు తగ్గించుకుంటూ రావాలి. పట్టికలో చెప్పిన హద్దు మాత్రం దాటి దిగరాదు.

సరైన నంబరు అని ఎలా తెలుస్తుంది? రాడ్డు మొన, కరిగిన లోహం గుంట అంచు, దాని ముందు జాయింటు గీత, ఈ మూడూ కనిపించాలి. ముసుగు తీశాక కళ్ల ముందు మచ్చలు ఆడితే అద్దం పలచనైందని అర్థం, ఒక నంబరు పెంచండి.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. గ్యాస్ కటింగ్ గాగుల్స్ పెట్టుకుని టాక్ కొట్టేవాళ్లు మన సైట్లలో ఉన్నారు. అది ఆర్క్‌కు పనికిరాదు. ఎండకు పెట్టుకునే నల్ల కళ్లద్దాలు అసలే పనికిరావు. కళ్లు గట్టిగా మూసుకుని కొడితే సరిపోతుందనేది ఇంకో భ్రమ. పలచటి రెప్ప ఆ వెలుగుకు అడ్డుగోడ కాదు. రెప్ప కాలుతుంది, ముఖం కాలుతుంది, రెప్పపాటు ముందు తెరిస్తే కన్నూ కాలుతుంది.

చేతి షీల్డా, తల ముసుగా?

చేత్తో పట్టుకునే షీల్డు చవక. కానీ ఒక చెయ్యి దానికే పోతుంది. టిగ్‌లో రెండు చేతులూ కావాలి. నిచ్చెన మీద, స్కాఫోల్డింగ్ మీద ఒక చెయ్యి పట్టుకు ఉండాలి. కాబట్టి నేర్చుకునేవాడు మొదటినుంచీ తలకు పెట్టుకునే ముసుగుకే అలవాటు పడాలి.

మామూలు ముసుగుతో కొత్తవాడికి వచ్చే తిప్పలు ఒకటుంది. రాడ్డును గురి చూసి పెడతాడు, తల ఊపి ముసుగు దించుతాడు, దాంతోపాటు చెయ్యి కదులుతుంది. ఆర్క్ వేరేచోట పడుతుంది. దీనికి సాధన ఒక్కటే మందు. మోచేతిని దేనికైనా ఆనించి, రాడ్డు మొనను జాయింటుకు ఇంచు దూరంలో నిలిపి, కరెంటు లేకుండా యాభై సార్లు ముసుగు దించడం ప్రాక్టీసు చేయండి. మెడ అలవాటు పడుతుంది.

ఆటో ముసుగు గురించి

ఆర్క్ వెలగగానే తనంతట తాను నల్లబడే ముసుగు ఇది. మామూలుగా 3 లేదా 4 నంబరంత లేతగా ఉండి, ఆర్క్ కనబడగానే 9 నుంచి 13 మధ్య మనం పెట్టుకున్న నంబరుకు మారుతుంది. మంచి రకాల్లో ఈ మార్పు సెకనులో ఇరవై అయిదు వేల వంతులో జరిగిపోతుంది. ముసుగు దించుకునే గురి చూడవచ్చు కాబట్టి టాక్ పనికి, ఇరుకు చోట్ల పనికి సుఖం. కొనే ముందు ఇవి తెలుసుకోండి.

ముందువైపు సెన్సర్లు ఎన్నో చూడండి. రెండే ఉంటే పైపు గానీ, మన చెయ్యి గానీ అడ్డొచ్చినప్పుడు అద్దం నల్లబడకపోవచ్చు. పైపు పని చేసేవాళ్లకు నాలుగు ఉన్నవి మేలు. తక్కువ కరెంటు మీద టిగ్ చేసేవాళ్లు ఆ తక్కువ వెలుగుకూ పనిచేస్తుందా అని అడగాలి.

గ్రైండింగ్ అని ఒక మీట ఉంటుంది. అందులో పెడితే అద్దం నల్లబడదు. గ్రైండింగ్ అయ్యాక మళ్లీ వెల్డింగ్‌కు మార్చడం మరిచి ఆర్క్ కొట్టినవాళ్లు ఉన్నారు. ముసుగు దించే ముందు ఆ మీట చూడటం అలవాటు చేసుకోండి.

పైన సోలార్ పలక ఉన్నంత మాత్రాన బ్యాటరీ ఉండదని కాదు. కొన్నింటిలో బ్యాటరీ మార్చడానికే వీలుండదు, అది అయిపోతే అద్దం పారేయాల్సిందే. మార్చే వీలున్నదే తీసుకోండి. రోజూ డ్యూటీ ఎక్కే ముందు టెస్ట్ బటన్ నొక్కి నల్లబడుతోందో లేదో చూసుకోండి.

సరైన గుర్తులున్న ఆటో అద్దం నల్లబడకపోయినా అతినీలలోహిత కిరణాలను ఆపుతూనే ఉంటుంది. జిగేలు మాత్రం తప్పదు. పేరూ గుర్తూ లేని చవక సరుకుకు ఆ భరోసా లేదు. ఆటో ముసుగుకు డబ్బు లేదని కొత్తవాడు కుమిలిపోనక్కరలేదు. సరైన నంబరు వేసిన మామూలు ముసుగుతో నేర్చుకున్నవాళ్లే మన సీనియర్లలో ఎక్కువమంది.

చేతిలోకి తీసుకుని చూడవలసినవి

గుర్తు: అమెరికా రకమైతే జెడ్ 87 అని, అద్దం మీద డబ్ల్యూ అక్షరం పక్కన నంబరు ఉంటాయి. యూరప్ రకమైతే ముసుగు మీద ఇ.ఎన్. 175, ఆటో అద్దం మీద 379 అంకె కనిపిస్తాయి. యూరప్ కొత్త సరుకు మీద 16321 అనే కొత్త ప్రమాణం అంకె కూడా వస్తోంది. ఏ గుర్తూ లేనిది ఉచితంగా ఇచ్చినా వద్దు.

వెలుగు కారడం: ముసుగును ఎండ వైపు ఎత్తి లోపల్నుంచి చూడండి. అద్దం చుట్టూ, మరమేకుల దగ్గర సూదిమొనంత వెలుగు కనిపించినా వద్దు. నల్లద్దం పగిలితే టేపు అంటించి వాడకండి.

తెల్లద్దం: నల్లద్దానికి ముందు తప్పకుండా తెల్లద్దం ఉండాలి. నిప్పురవ్వల దెబ్బ తినేది అదే. రవ్వలు అంటి మసకబారిందంటే మార్చేయండి. కనిపించడం లేదని నల్లద్దాన్ని తిట్టేవాళ్లలో సగంమందిది నిజానికి తెల్లద్దం గొడవే. సైజు కూడా చూసుకోండి. 108కి 51, 110కి 90 మిల్లీమీటర్ల సైజులు ఎక్కువగా దొరుకుతాయి. ఒకదాని అద్దం ఇంకోదానికి పట్టదు.

తల పట్టీ: వెనక మర తిప్పి బిగించి, తల కిందికి వంచి ఊపండి. జారకూడదు, కణతలు నొక్కకూడదు. నుదుటి పట్టీ చెమట పీల్చేదై, విప్పి ఉతుక్కునేలా ఉండాలి. మన ఎండలకు ఇది చిన్న సంగతి కాదు. చెమట కంట్లో పడితే ముసుగు ఎత్తుతాం. సైట్‌లో తలకు సేఫ్టీ హెల్మెట్ తప్పనిసరి అయితే దానికి తగిలించే రకం ముసుగే అడగండి.

లోపల మామూలు సేఫ్టీ కళ్లజోడు పెట్టుకోవడం మరవకండి. స్లాగ్ కొట్టేటప్పుడు ముసుగు పైకి లేస్తుంది, ముక్క ఎగిరేది అప్పుడే. పక్కవాడి ఆర్క్ వెనకనుంచి మన ముసుగు లోపలికి పడినా ఆ కళ్లజోడు కొంత కాస్తుంది. ఇంకొక సంగతి. మామూలు ముసుగు పొగను ఆపదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో వెల్డింగ్ పొగను క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో చేర్చింది. పొగ గాలికి పోయేలా పక్కకు నిలబడండి, మూసిన చోట్ల పొగ లాగే ఫ్యాను, మాస్కు అడగండి.

హెల్పర్‌కూ కళ్లున్నాయి

ప్లేటు పట్టుకుని కూర్చునే హెల్పర్‌కు చాలా సైట్లలో ముసుగు ఇవ్వరు. ముఖం పక్కకు తిప్పుకో అంటారు. ఆర్క్‌కు దగ్గర ఉన్నవాడు వెల్డర్ అయినా హెల్పర్ అయినా కాలేది ఒకలాగే. హెల్పర్ పేరు మీద కూడా ముసుగు రాయించండి.

డబ్బు ఎవరు పెట్టాలి? సౌదీ కార్మిక చట్టం 122వ అధికరణం ప్రకారం రక్షణ ఏర్పాట్లు యజమానివే. వాటికోసం కార్మికుడి జీతంలోంచి ఏమీ కోయకూడదు. ఖతార్ 2004 నాటి కార్మిక చట్టం 100వ అధికరణంలోనూ ఇదే మాట ఉంది. అలాగే ఇచ్చిన వస్తువును వాడటం, జాగ్రత్త చేయడం మన బాధ్యత. కాబట్టి స్టోర్‌లో అడగడానికి మొహమాటం వద్దు. నాలాంటి క్లర్కు చిరాకు పడినా సరే, నంబరు చెప్పి అడగండి, ఇచ్చింది తిప్పి చూసి తీసుకోండి.

కళ్లకు ఆర్క్ కొడితే

నొప్పి వెంటనే రాదు. కొన్ని గంటలయ్యాక, ఎక్కువగా రాత్రి పడుకున్నాక మొదలవుతుంది. కళ్లు నలపకండి. లైటు ఆర్పి, చల్లని తడిగుడ్డ మూసిన కళ్ల మీద వేసుకోండి. ఆలుగడ్డ రసం, పాలు, రూమ్‌మేట్ దగ్గరున్న పాత చుక్కల మందు ఏదీ కంట్లో పోయకండి. నొప్పి తెలియకుండా చేసే చుక్కలు డాక్టరు పరీక్షకు వేస్తాడు, వాటిని సొంతంగా తెచ్చుకుని వాడితే కన్ను మానకుండా దెబ్బతింటుంది. క్లినిక్‌కు వెళ్లండి, సేఫ్టీ ఆఫీసర్‌కు చెప్పి రాయించండి. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. తగ్గకపోయినా, చూపు మసకబారినా కంటి డాక్టరే దిక్కు. ఒక్క కంట్లోనే గుచ్చుతుంటే ఇనుప రజను పడి ఉండవచ్చు, అసలు ఆలస్యం చేయవద్దు.

ఆ జగిత్యాల తమ్ముడు ఇప్పుడు పైపు మీద 6జి టెస్టుకు ప్రాక్టీసు చేస్తున్నాడు. వాడి కళ్ల మీద ఊళ్లో ఒక అప్పు, ఒక చెల్లెలి పెళ్లి ఆధారపడి ఉన్నాయి. మనందరి కళ్ల మీదా ఇలాంటివి ఏవో ఉన్నాయి. ఇప్పుడు నా కిటికీ దగ్గర ఎవరు బ్లాక్ గ్లాస్ అడిగినా నేను ముందు అడిగేది ఒకటే: "ఏ రాడ్డు తమ్మీ, కరెంటు ఎంత?" మీ స్టోర్‌లో ఎవరూ అడగకపోతే, మీరే చెప్పండి.