పత్తిలో పుట్టిన పొర

సూరత్‌లోని పాండేసర పారిశ్రామిక వాడలో చీరల అద్దకానికి నీరెంత ఉన్నా చాలదు. అద్దకం ఆగితే మరమగ్గాలూ ఆగుతాయి. ఆ మగ్గాల మీద బతికేవారిలో తెలంగాణ నుంచి వలసవెళ్ళిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో ఉన్నవి. అందుకే 2014లో నగరపాలక సంస్థ బమ్రోలి వద్ద ఒక శుద్ధి కేంద్రాన్ని ప్రారంభించింది. ఊరి మురుగునీటిని వడగట్టి, రోజుకు 4 కోట్ల లీటర్ల వరకు మిల్లులకు అందించడం దాని పని.

ఇటువంటి శుద్ధిలో అసలు భారం పలుచని పొరల మీద పడుతుంది. కంటికి కనబడని రంధ్రాల గుండా నీటిని ఒత్తిడితో తోస్తే, మాలిన్యం వెనుక నిలిచిపోతుంది. చిక్కంతా ఆ నిలిచినదానితోనే. జిడ్డు, సూక్ష్మజీవులు పొరకు అంటుకొని రంధ్రాలను పూడ్చివేస్తాయి. పంపు మరింత బలంగా తోయాలి, కరెంటు ఖర్చు పెరుగుతుంది. రసాయనాలతో కడిగినకొద్దీ పొర ఆయుష్షు తరుగుతుంది.

విచిత్రమేమంటే, ఈ పొర మొదట పుట్టినది మొక్కల నుంచే. 1960 ప్రాంతంలో కాలిఫోర్నియాలో సిడ్నీ లోబ్, భారతదేశంలో పుట్టిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి ఉప్పునీటిని మంచినీరుగా మార్చే పొరను రూపొందించారు. వారు వాడినది సెల్యులోజ్ ఎసిటేట్. దూదిలోను, కలపలోను ఉండే సెల్యులోజ్ నుంచి తయారయ్యే పదార్థం. కాని దానిని సూక్ష్మజీవులు తినివేసేవి. క్షారం తగిలితే క్షీణించేది. 1970 దశకంలో జాన్ కాడొట్ పాలీఅమైడ్ పొరను కనుగొన్న తరువాత అది వెనుకబడిపోయింది.

కృత్రిమ పొరలు దృఢమైనవే. అయితే వాటిలో పెక్కు నీటికంటె జిడ్డునే ఎక్కువగా ఆదరిస్తాయి. సెల్యులోజ్ స్వభావం ఇందుకు విరుద్ధం. దాని అణువుల నిండా నీటిని ఆకర్షించే హైడ్రాక్సిల్ సమూహాలున్నవి. బాగా తడిసిన నూలుగుడ్డ మీద పడిన నూనెచుక్క వెంటనే ఇంకకపోవడం గృహిణులెరిగినదే. అందుకే శాస్త్రజ్ఞులు మొక్కల నారను వెంట్రుకలో వెయ్యోవంతు కంటె సన్నని పోగులుగా చీల్చి, కృత్రిమ పొరలలో కలుపుతున్నారు, లేదా పైపూతగా వేస్తున్నారు.

ముడిసరుకుకు కొరత లేదు. గెల కోసిన తరువాత అరటి బోదె సాధారణంగా పారవేసేదే. సూరత్‌కు సమీపంలోని నవసారి వ్యవసాయ విశ్వవిద్యాలయం దాని నుంచి నార, కాగితం తీసే పద్ధతులపై చాలాకాలంగా కృషి చేసింది. అటువంటి నార నుంచి అతిసూక్ష్మమైన పోగులను ప్రయోగశాలలలో ఇప్పటికే తీశారు.

అంతమాత్రాన సంబరపడరాదు. పోగులు మితిమీరితే ఉండకట్టి పొరను బలహీనపరుస్తాయి. వాటిని చీల్చడానికీ విద్యుత్తు కావాలి. ఆ ఖర్చు, పంపుల వద్ద ఆదా అయ్యే ఖర్చును మించరాదు. పైగా గ్లాసెడు నీటిపై నెగ్గిన పొర, సూక్ష్మజీవులు నిండిన కోట్ల లీటర్ల మురుగులో ఏళ్ళ తరబడి నిలవాలి. మొదటి సెల్యులోజ్ పొర ఓడిపోయినది అక్కడే.