వయొలిన్ల ముందు జాకిర్ తబలా

దుబాయి, బొంబాయి, బొగ్గుబాయి అన్న మాట మా పాలమూరోళ్ల కోసమే పుట్టిందేమో. ముంబయి కామాఠీపురకు ఆ పేరొచ్చిందే నిజాం రాజ్యం నుంచి పనికొచ్చిన కామాఠీల వల్ల. మా నాయిన కూడా మక్తల్ దగ్గరి పల్లె విడిచి ఇక్కడికొచ్చిన మేస్త్రీనే. నేను వర్లీలో కరెంటు పని చేస్తా, శనివారాలు మనోళ్ల భజనలో తబలా వాయిస్తా.

సింఫనీ హాలు గడప తొక్కింది జాకిర్ హుస్సేన్ కోసం. 2015 సెప్టెంబరులో నారీమన్ పాయింట్‌లోని కళల కేంద్రం ఎన్‌సీపీఏలో ఆయన కొత్త రచన ‘పేష్కార్’ తొలిసారి వినిపించారు. అది తబలాకూ ఆర్కెస్ట్రాకూ రాసిన కాన్చెర్టో. ఒక్క వాద్యకారుడు ముందుంటాడు, వెనక ఆర్కెస్ట్రా మొత్తం అతనితో మాట కలుపుతుంది. వాయించింది 2006లో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా. కండక్టర్ జేన్ దలాల్.

పెళ్లి రిసెప్షన్లో కీబోర్డు, ప్యాడ్లు పెట్టి సినిమా పాటలు పాడే ఆర్కెస్ట్రానే మనకు తెలుసు. ఇక్కడ మొదట చూడాల్సింది శ్రుతి చేసుకోవడం. ఓబో అనే ఊదే వాద్యం ఒక్క స్వరం పట్టుకుంటే మిగతావన్నీ దానికి సరిచేసుకుంటాయి. తబలా అంచు మీద మనం సుత్తితో కొట్టేదీ అందుకే.

ఇద్దరు వయొలిన్ వాళ్లకు ఒకటే స్టాండు. పేజీ చివరికొస్తే లోపలివైపు కూర్చున్నతను వాయించడం ఆపి కాగితం తిప్పుతాడు, పక్కతను ఆపడు. వాళ్లది కాగితం చదువు. మనది నోటి చదువు: తబలా దెబ్బల పలుకులను, అంటే బోల్‌ను, నోటితో పలికి చేతికి ఎక్కించుకోవాలి. తబలా సోలోలో తాళాన్ని నింపాదిగా విప్పే మొదటి భాగాన్నే పేష్కార్ అంటారు. జాకిర్ ఈ రెండు చదువులనూ ఒక్కచోట కూర్చోబెట్టాడు. స్వరాల మీద స్వరాలు పేర్చే హార్మొనీ నాకు కొన్నిచోట్ల ఎక్కలేదు. కానీ తాళంలో మొదటి దెబ్బ, సమ్, ఎక్కడ పడుతుందో వేళ్ల మీద లెక్క పెట్టుకుంటూ పోతే దారి తప్పలేదు. ఇళయరాజా పాటల్లో వయొలిన్లు విన్న చెవికి ఆ హార్మొనీ మరీ పరాయిదేం కాదు. ఆయన సింఫనీ ‘వేలియంట్’ను 2025 మార్చిలో లండన్‌లో రాయల్ ఫిల్హార్మోనిక్ వాయించింది కూడా.

ఒక్కటి మాత్రం నాకు నచ్చలేదు. రచనలో ఒక భాగం అయిపోయి ఇంకోటి మొదలయ్యే లోపు చప్పట్లు కొట్టకూడదట! మంచి ముక్తాయింపు పడితే ‘భళా’ అనకుండా ఉండలేని మనకు నోరు కట్టేసినట్టే. మొజార్ట్ అయితే తన పారిస్ సింఫనీకి మధ్యలోనే చప్పట్లు పడ్డాయని 1778లో తండ్రికి సంబరంగా ఉత్తరం రాసుకున్నాడు. ఈ మడి తర్వాతివాళ్లు పెట్టుకున్నదే.

జాకిర్ 2024 డిసెంబరులో పోయాడు. ఆర్కెస్ట్రా మాత్రం కచేరీలు చేస్తూనే ఉంది. ముంబయిలోని మనోళ్లు ‘అది పెద్దోళ్ల హాలు, మనకెందుకు’ అనుకోకుండా ఒక్కసారి పిల్లల్ని తీసుకుపోండి. వాయించబోయే రచనను ముందురోజు యూట్యూబ్‌లో విని పోండి. పై వరుసల టికెట్ తీసుకోండి: ధరా తక్కువ, ఎవరేం వాయిస్తున్నారో బాగా కనిపించేదీ అక్కడి నుంచే.