పదో తరగతి మార్కులు: ఏం చెబుతాయి? ఏం చెప్పవు?

పదో తరగతి ఫలితాలు వస్తే ఇంట్లో, వీధిలో అందరూ అడిగేది ఒక్కటే: ‘ఎన్ని మార్కులు?’ బాసర, నూజివీడు లాంటి ట్రిపుల్ ఐటీల్లో సీటు కూడా ఆ మార్కుల మీదే ఆధారపడి ఉంటుంది. అందరికీ ఒకే ప్రశ్నపత్రం ఇచ్చే ఈ పద్ధతిలో లోపాలేంటి? తల్లిదండ్రులుగా మీరేం చేయొచ్చు?

పరీక్ష దేన్ని కొలుస్తుంది?

నిర్ణీత సమయంలో చదివింది గుర్తుతెచ్చుకుని రాయగలగడాన్ని. ధారాళంగా మాట్లాడటం, ప్రయోగం చేసి చూడటం, నలుగురితో కలిసి పనిచేయడం లాంటివి రాతపరీక్షకు అందవు. పైగా, ఇంట్లో కోయ లేదా గోండి మాట్లాడే ఆశ్రమ పాఠశాల విద్యార్థికీ, నగరంలోని కార్పొరేట్ స్కూలు విద్యార్థికీ ప్రశ్నపత్రం ఒక్కటే. అవకాశాలు మాత్రం ఒక్కటి కావు.

బోధనపై ప్రభావం ఏంటి?

పరీక్షల ముందు నెలల్లో స్పెషల్ క్లాసులు, స్లిప్ టెస్టులు, ప్రీఫైనల్స్ మొదలవుతాయి. ‘ఇంపార్టెంట్’ ప్రశ్నలే పాఠంగా మారిపోతాయి. ఆటల పీరియడ్, లైబ్రరీ పీరియడ్ వెనక్కి పోతాయి.

మూల్యాంకనంలో తప్పులు జరుగుతాయా?

జరుగుతాయి. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో ఓ విద్యార్థినికి తెలుగులో 0 మార్కులు చూపించారు. తిరిగి చూస్తే వచ్చినవి 99. ఆ ఫలితాల తర్వాత పలువురు విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు.

అయితే పరీక్షలు తీసేస్తే సరిపోతుందా?

అదీ అంత తేలిక కాదు. కరోనా వల్ల 2021లో తెలంగాణలో పది పరీక్షలు జరగలేదు. అంతర్గత మార్కులతో గ్రేడ్లు ఇస్తే 2 లక్షల మందికి పైగా 10 జీపీఏ వచ్చింది. అందుకే ఒక్క పరీక్ష మీద భారం తగ్గించే దారులు వెతుకుతున్నారు. సీబీఎస్ఈ 2026 నుంచి పదో తరగతికి ఏడాదిలో రెండు పరీక్షలు ప్రవేశపెట్టింది.

మీరేం చేయాలి?

• మార్కులపై అనుమానం ఉంటే రీకౌంటింగ్ లేదా రీవెరిఫికేషన్ కోరవచ్చు. రీకౌంటింగ్‌లో మార్కుల కూడిక మాత్రమే చూస్తారు. రీవెరిఫికేషన్‌లో దిద్దకుండా వదిలేసిన జవాబులున్నాయేమో కూడా పరిశీలిస్తారు. గడువు తక్కువగా ఉంటుంది కాబట్టి వెంటనే ప్రధానోపాధ్యాయుడిని కలవండి.

• ఆ ఫలితం కోసం ఆగకుండా సప్లిమెంటరీ ఫీజు కట్టేయండి.

• చదవడం, రాయడంలో వైకల్యం ఉన్న పిల్లలకు అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడి సౌకర్యం ఉన్నాయి. పరీక్షల ముందే బడి ద్వారా దరఖాస్తు చేసుకోవాలి.

• ఫలితాల రోజు పిల్లల్ని ఒంటరిగా వదలకండి. పక్కింటి పిల్లలతో పోల్చకండి. దిగులుగా, ముభావంగా కనిపిస్తే టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఇది ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది.

తప్పిన సబ్జెక్టును మళ్లీ రాసుకోవచ్చు. పిల్లలకు ఆ మాట ఫలితాలు రాకముందే చెప్పండి.